మావయ్య మూయని స్క్రీను

ఆదివారం పొద్దున్నే టేపులమ్మ చేసే మొదటి పని, జనాన్ని తరమడం.

"స్టోర్సు, బయటికి రావాలి! అకౌంట్సు, ఇంకా ఏం చేస్తున్నారండీ? మూసేస్తున్నా, తర్వాత నన్ననొద్దు!" అని మెట్ల దగ్గర నిలబడి కేకేసేది. కుర్చీల్లోంచి లేవక్కర్లేదు, కంప్యూటర్ యంత్రంలోంచి బయటికొస్తే చాలు. అయినా, మిగిలిపోయిన పనికని ఆదివారమూ వచ్చినవాళ్ళు ఒక్కరూ కదిలేవారు కాదు. అందరికీ రెండు నిమిషాలు కావాలి. వాళ్ళ రెండు నిమిషాల్లో అన్నం వండుకుని, తిని, ఓ కునుకు తీసి లేవొచ్చు. టేపులమ్మకు తల ప్రాణం తోకకొచ్చేది.

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ దానికి ఆ భవనంలో ఎప్పుడూ పని పడలేదు. ఎప్పుడు చూసినా చంకలో యంత్రానికి కాపీలు తీసే టేపుల పెట్టె ఉంటుంది కాబట్టి టేపులమ్మ. నలభై దాటిన మనిషి, నోరు పెద్దది, మనసు మెత్తన. ఈ కథలో వచ్చిన కష్టమంతా ఆ మెత్తదనం వల్ల వచ్చిందే.

ఆ వర్క్‌షాపులో బూట్లు తయారవుతాయి. దుకాణాల అద్దాల వెనక మెరిసే రకం కాదు. పాదం వంకర తిరిగినవాళ్ళకి, ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళకి, ప్రమాదంలో వేళ్ళు పోయినవాళ్ళకి చేసే బూట్లు. ఏ రెండు జతలూ ఒకలా ఉండవు. ఆ మాటకొస్తే ఒకే జతలో రెండు బూట్లూ ఒకలా ఉండవు. కింద తోలు కోసేవాళ్ళు, కుట్టేవాళ్ళు ఉంటారు. పైన ఆఫీసు. ఆఫీసు చివర అద్దాల గదిలో, చిన్న బీరువా అంత నల్లటి యంత్రం. సరుకు, జీతాలు, ఆర్డర్లు, పాదాల కొలతలు, సమస్తం దాని కడుపులోనే. మిగతావాళ్ళ బల్లల మీదున్నవి ఉత్త తెరలూ కీబోర్డులే. ఆలోచన అంతా ఆ బీరువాదే.

రోజూ సాయంత్రం తీసే కాపీలు వేరు. అవి ఆ రోజు మారిన వాటికి. ఆదివారం తీసేది మొత్తం యంత్రానికి. రేపు అది కాలి బూడిదైనా, కొత్తది తెచ్చి ఆ టేపులు పెడితే పాతది ఉన్నదున్నట్టే లేచి కూర్చోవాలి. అందుకే లోపల ఎవరూ ఉండకూడదు. ఇంటికి రంగులు వేయిస్తుంటే గదిలో మంచమేసుకుని పడుకుంటే కుదురుతుందా? అందర్నీ పంపేసి, ఒక్కో పనీ ఆపుకుంటూ వచ్చి, చివరికి టేపులమ్మ ముందున్న తెర ఒక్కటే మేలుకుని ఉండేలా చేయాలి. అప్పుడే అసలైన పూర్తి బ్యాకప్. ఇది ఆమెకు నేర్పిన మొదటి పాఠం. ఏడాదికి పైగా ఆమె తప్పుతున్న పాఠం కూడా ఇదే.

ఎందుకు తప్పుతోందో చెప్పాలంటే మావయ్య గురించి చెప్పాలి.

కొలతల మావయ్య ఆమెకు సొంత మేనమామ. ఆమె మావయ్య అని పిలుస్తుంది కాబట్టి వర్క్‌షాపులో అందరికీ మావయ్యే అయిపోయాడు, తనకంటే పెద్దవాళ్ళకి కూడా. వచ్చినవాళ్ళ పాదాన్ని చెక్కపలక మీద పెట్టించి, మడమ నుంచి వేలి దాకా, చీలమండ గిలక చుట్టూ, అరికాలి వంపు కింద కొలిచి, ఆ అంకెలన్నీ యంత్రంలోకి ఎక్కించడం ఆయన పని. నాన్న పోయి, ఇంట్లో పొయ్యి వెలగడమే కష్టమైన రోజుల్లో టేపులమ్మను ఇక్కడికి తీసుకొచ్చింది ఆయనే. బూట్ల డబ్బా మూత మీద కీబోర్డు గీసి, అక్షరాలు రాసి, వంటగది గట్టు మీద పెట్టి ఆమె చేత వేళ్ళు ఆడించాడు. "చూడకుండా కొట్టాలే! వేళ్ళకి కళ్ళుండాలి!" అని స్కేలుతో గట్టు మీద టకటకా కొట్టేవాడు. ఆ అట్టముక్క అరిగిపోయేసరికి ఆమెకు టైపు వచ్చేసింది.

అలాంటి మనిషి ఒక సోమవారం పొద్దున తన తెర ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. తెర మీద పేరూ పాస్‌వర్డూ అడిగే రెండు గళ్ళు. యంత్రం ఆయన్ని లోపలికి రానివ్వడం లేదు.

"ఏంటి మావయ్యా, తప్పు కొట్టారా?"

"దీని మొహం. రాత్రికి రాత్రి బుద్ధి మారిపోయింది దీనికి."

ఆమె నవ్వేసి కొత్త పాస్‌వర్డ్ పెట్టిచ్చింది. మర్నాడు అదే తంతు. ఆ తర్వాత పాస్‌వర్డ్ గడిలో పేరు, పేరు గడిలో అత్తయ్య ఫోన్ నంబరు కొట్టాడు. ఇంకోరోజు ఏదీ కొట్టకుండా, ఆమె వచ్చేదాకా అద్దాల గది వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆ చూపు చూశాక టేపులమ్మ నవ్వడం మానేసింది.

విచిత్రమేమిటంటే, ఒకసారి లోపలికి వెళ్తే మావయ్యకి ఏ ఇబ్బందీ లేదు. కొలతల స్క్రీను ముందుంటే చాలు, వేళ్ళు వాటంతటవే పరుగెత్తేవి. గుమ్మం దాటడమే రావడం లేదు. ఇక టేపులమ్మ ఏం చేసింది? గుమ్మానికి తలుపు తీసి అలాగే ఉంచేసింది.

"మావయ్యా, ఇకనుంచి సాయంత్రం బయటికి రావద్దు. స్క్రీను అలాగే వదిలేసి ఇంటికెళ్ళు. నేను చూసుకుంటా."

ఎందుకని ఆయన అడగలేదు. "సర్లే, నీ యంత్రం నీ ఇష్టం" అన్నాడు, ఆమె వైపు చూడకుండా. ఎవరూ ముట్టని తెరను యంత్రం కాసేపటికి తనే మూసేస్తుంది. ఆయన తెరకు ఆ నియమం లేకుండా తీసేసింది. ఆదివారాలు కూడా అందర్నీ పంపి చేసే అసలు పద్ధతి మానేసి, మనుషులు లోపలుండగానే కాపీ తీసే దగ్గరిదారి పట్టింది. చూసేవాళ్ళకి తేడా తెలియదు. టేపు తిరుగుతుంది, కేకలు వినపడతాయి, చివర్లో పూర్తయిందని వస్తుంది. కాకపోతే ఆ దారిలో ఒక చిక్కుంది. ఎవరైనా తెరిచి పెట్టుకున్న ఫైలును యంత్రం ముట్టుకోదు. పక్కన పెట్టేసి ముందుకు పోతుంది. అలా వదిలేసినవి ఎన్నో ఆఖరి వరుసలో చెబుతుంది. ప్రతి ఆదివారం ఆ వరుసలో ఒకటి అని ఉండేది. ఆ ఒకటి మావయ్య కొలతల ఫైలు. రోజువారీ కాపీలోనూ అదే కథ.

మొదట్లో ఆ వరుసను రెండేసిసార్లు చదివేది. వచ్చేవారం ఎలాగోలా మూయించి తీద్దాం అనుకునేది. వచ్చేవారం వచ్చేది, మావయ్య మొహం చూసేది, ఎంటర్ కొట్టేసేది. తర్వాత్తర్వాత ఆ వరుస కంటికి ఆనడమే మానేసింది. అలవాటంత పాడు వస్తువు ఇంకోటి లేదు.

ఆ ఆదివారం ఆమె అద్దాల గదిలోకి అడుగుపెట్టేసరికి యంత్రం ముఖాన పసుపు దీపం వెలుగుతోంది.

ఫోన్ చేస్తే యంత్రం బాగుచేసే ఇంజనీరు పరుగున వచ్చాడు. మూత తీసి, చెవి పెట్టి విని, మొహం చిట్లించాడు. "ఒక డిస్కు పోయిందండి. దాని జోడు ఇప్పుడు రెండింటి బరువూ మోస్తోంది. అదీ అదే వయసుది, లోపల గరగరమంటోంది, వినండి. కొత్తది తెచ్చాను గానీ, ఇప్పుడు పెడితే ఈ ముసలిది మొత్తం కొత్తదానికి అప్పజెప్పాలి. ఆ శ్రమకి మధ్యలో పోయిందనుకోండి, కొంప మునుగుతుంది. ముందు పూర్తి బ్యాకప్ తీయండి. అందర్నీ పంపేసి, ఖాళీ చేసి తీయండి. పోయినవారం టేపు ఎలాగూ ఉంది కదా, మరీ కంగారు పడకండి."

"ఉందండి," అంది టేపులమ్మ.

"అన్నీ వచ్చాయి కదా అందులో?"

ఆమె పసుపు దీపం వైపు తిరిగింది. అన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప. ఏడాది పైబడి పాదం పెట్టి కొలిపించుకున్న ప్రతి మనిషి కొలతా, అంతకుముందువాటికి మావయ్య చేసిన ప్రతి మార్పూ, ఆ గరగరమంటున్న డిస్కు మీద తప్ప లోకంలో ఇంకెక్కడా లేవు. పోతే మళ్ళీ కొలుచుకోవచ్చు కదా అంటారేమో. పెరిగే పిల్లల పాదం అలా కాదు. ఒకమ్మాయి ఉంది, ఎడమ పాదం లోపలికి తిరిగి పుట్టింది. మూడేసి నెలలకోసారి వస్తుంది, వచ్చినప్పుడల్లా పాదం కాస్త కాస్త బయటికి తిరుగుతూ ఉంటుంది. ఎంత తిరిగిందో చూసుకునే తర్వాతి బూటును ఎంత వాల్చాలో నిర్ణయిస్తారు. పోయిన ఏడాది పాదాన్ని ఇవాళ ఎక్కడినుంచి తెచ్చి కొలుస్తారు? అలాంటి పిల్లలు ఆ ఫైలు నిండా ఉన్నారు.

కన్సోల్ అనే తన తెర ముందు కూర్చుని ఆమె ఒక ఆజ్ఞ సగం కొట్టి ఆగింది. మావయ్య తెరను ఇక్కడినుంచే బలవంతంగా తెగ్గొట్టొచ్చు. కానీ ఆయన ఏదో ఒక కొలత మధ్యలో ఉంటాడు. ఈ స్థితిలో ఉన్న డిస్కు మీద సగం రాసిన ఫైలును తెంపితే, అది మళ్ళీ తెరుచుకుంటుందో లేదో ఎవరు చెప్పగలరు? ఆయన పని ముగించి, ఆయన చేతులతో మూసి, పద్ధతిగా బయటికి రావాలి. వస్తే మళ్ళీ లోపలికి వెళ్ళలేడు. ఆ సంగతి రేపు సోమవారం అందరి ముందూ బయటపడుతుంది.

"ఏమైందండీ? మొదలెట్టండి," అన్నాడు ఇంజనీరు.

"ఒకరున్నారు లోపల. పిలుచుకొస్తా."

మావయ్య మూల బల్ల దగ్గర కూర్చుని కాగితం మీది అంకెలు ఎక్కిస్తున్నాడు. ఆదివారం ఇంట్లో ఉంటే అత్తయ్య ఏదో ఒకటి అడుగుతుంది, ఆయన ఏదో ఒకటి మరిచిపోతాడు, ఇద్దరూ మాటామాటా అనుకుంటారు. అందుకని వచ్చేస్తాడు. పక్క బల్ల దగ్గర మేనేజరు ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"మావయ్యా, మీరు బయటికి రావాలి," అంది. నలుగురి ముందూ ఆయన్ని మీరు అంటుంది.

"రెండు నిమిషాలే."

"లేదు మావయ్యా. ఇప్పుడే."

ఆయన తలెత్తాడు. "నాకు మినహాయింపు కదమ్మా?" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు.

"ఇవాళ ఎవరికీ లేదు."

"ఏమే, ఆఫీసంతా నీ ఒక్కదానిదేనా? పనిచేసుకునేవాణ్ణి లేపుతావేంటి? నీకు టైపు నేర్పింది నేను. నాకు నేర్పొద్దు నువ్వు!" గొంతు పెద్దదైంది. మేనేజరు ఫోన్ చేత్తో మూసి ఇటు చూశాడు. కోపంతో అరిచాడనుకుని ఉంటాడు. టేపులమ్మకు ఆ గొంతు తెలుసు. చిన్నప్పుడు అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఏం కాదు ఏం కాదని ఆయన అరిచిన గొంతు ఇదే. హడలిపోయినప్పుడే మావయ్య అరుస్తాడు.

ఆమె ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది, వినపడీ వినపడనట్టు మాట్లాడింది.

"మావయ్యా, నీ ఫైలు ఏడాదిపైగా టేపు మీదికి పోలేదు."

"పోకపోవడమేంటి? ప్రతి ఆదివారం తీస్తావుగా."

"నీ స్క్రీను తెరిచుంటే అది పోదు. నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నా. ఇప్పుడు డిస్కు పోతోంది."

ఆయన అర్థం కానట్టు చూశాడు. తర్వాత అర్థమైంది. చేతులు కీబోర్డు మీదినుంచి మెల్లగా జారాయి.

"ఎవరివి పోతాయి?"

"అందరివీ. ఆ లోపలికి తిరిగిన పాదం పిల్లది కూడా."

"అది రేపే కదే వచ్చేది!"

"అవును."

"ఎంత పని చేశావే తల్లీ. నాకోసమా? నాకోసం ఇంత పని చేస్తారా ఎవరైనా? బుద్ధుందా నీకు?" ఈసారి ఆయన అరవలేదు. మెల్లగా అన్నాడు, అది ఇంకా నొప్పి పెట్టింది. ఆమెకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

మావయ్య చేతిలో ఉన్న కాగితం మీది చివరి కొలత ఎక్కించాడు. తొందరపడలేదు. మడమ, గిలక, వంపు, ఒక్కో అంకె నోటితో అనుకుంటూ కొట్టాడు. కాగితం బోర్లించాడు. అప్పుడు తెర వైపు చూస్తూ అడిగాడు.

"బయటికి ఎలా రావాలే? ఏది నొక్కాలి?"

ఆ భవనంలో అందరికంటే ముందు ఆ పని నేర్చుకున్న మనిషి. ఆమె ఆయన చూపుడువేలు పట్టుకుని ఒక్కో మీట మీదా పెట్టింది. నొక్కింది మాత్రం ఆయనే. కొలతల స్క్రీను పోయింది. పేరూ పాస్‌వర్డూ అడిగే రెండు గళ్ళు వచ్చాయి. ఆ గళ్ళను ఆయన పరాయివాళ్ళ ఇంటి తలుపును చూసినట్టు చూశాడు.

"పద, తియ్యి," అన్నాడు లేస్తూ. "నేనూ వస్తా. కూర్చుంటా."

అద్దాల గదిలో చలి. మావయ్య స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. టేపులమ్మ ఒక్కో పనీ ఆపుకుంటూ వచ్చింది. బయట తెరలు ఒకదాని తర్వాత ఒకటి నల్లబడ్డాయి. కన్సోల్ ఒక్కటే మిగిలింది. ఏడాది తర్వాత ఆ గదిలో అంత నిశ్శబ్దం. టేపు పెట్టి మొదలెట్టింది.

ముందు యంత్రం సొంత సామాను పోయింది. తర్వాత జీతాలు, సరుకు. టేపు ముందుకు పరుగెత్తడం, ఆగడం, వెనక్కి రావడం, మళ్ళీ పరుగెత్తడం. డిస్కు గరగర వినపడినప్పుడల్లా ఇంజనీరు కాలు మార్చి నిలబడుతున్నాడు. కొలతల వంతు వచ్చింది. తెర మీద అంకె కదలడం ఆగిపోయింది. ఇంజనీరు తెర మీదికి వంగాడు. టేపులమ్మ మావయ్య చెయ్యి పట్టుకుంది, చిన్నపిల్ల పట్టుకున్నట్టు. లోపల డిస్కు అక్కడక్కడే తడుముకుంటోంది. చదవలేకపోతోంది, మళ్ళీ ప్రయత్నిస్తోంది. మావయ్య పెదాలు కదులుతున్నాయి. మడమ, గిలక, వంపు అనుకుంటున్నాడో, మొక్కుకుంటున్నాడో ఆమె అడగలేదు.

అంకె కదిలింది. ఒకటి, ఆ వెంటే ఇంకోటి, ఆ తర్వాత జలజలా.

టేపు బయటికొచ్చాక ఇంజనీరు కొత్త డిస్కు పెట్టాడు. ముసలి డిస్కు తన దగ్గరున్నదంతా దానికి అప్పజెప్పడం మొదలుపెట్టి, మధ్యలో ఎక్కడో ప్రాణం విడిచింది. మర్నాడు ఇంకో డిస్కు తెచ్చి, ఆదివారం టేపు పెట్టి మొత్తం తిరిగి ఎక్కించారు. బయటివాళ్ళకి తెలిసిందల్లా సోమవారం మధ్యాహ్నం దాకా తెరలు రాలేదనే.

తెరలు వచ్చేసరికి ఆ పిల్ల తల్లితో పాటు బెంచీ మీద కూర్చుని ఉంది. మేనేజరు వచ్చి, "మావయ్యా, పాత కొలతలు తీయండి, పాపం పొద్దుటినుంచి కూర్చున్నారు," అన్నాడు. మావయ్య తన కుర్చీలో కూర్చుని రెండు గళ్ళ వైపు చూశాడు. టేపులమ్మ పరుగున వచ్చింది. మళ్ళీ ఏదో ఒకటి చెప్పేద్దామని, యంత్రం మీద నెట్టేద్దామని నోరు తెరిచింది. మావయ్య చెయ్యెత్తి ఆపాడు.

"నాకు రావట్లేదండి," అన్నాడు మేనేజరుతో. "ఏడాదినుంచీ రావట్లేదు. మరిచిపోతున్నాను. మా పిల్ల కప్పిపుచ్చుకుంటూ వచ్చింది. దాన్నేం అనకండి. ఆ పాప కొలతలు దీన్ని తీయమనండి, అన్నీ ఉన్నాయి."

మేనేజరు తల గోక్కున్నాడు. అనాల్సినవి రెండు రోజుల తర్వాత టేపులమ్మను గదిలోకి పిలిచి అన్నాడు. తలొంచుకుని పడింది. పడాల్సిందే కదా. మావయ్యకు వీడ్కోలు చెప్పి, ఆయన కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టారు.

కానీ ఆదివారాలు మావయ్య వస్తాడు. అత్తయ్య గేటుదాకా దింపి వెళ్తుంది. ఆయన పాత కుర్చీలో కూర్చుంటాడు, తెర ముట్టుకోడు. టేపులమ్మ మెట్ల దగ్గర కేకేయగానే అందరికంటే ముందు లేస్తాడు. స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చుంటాడు.

"నా ఫైలు వచ్చిందా?" అంటాడు.

"వస్తుంది మావయ్యా."

కాసేపటికి మళ్ళీ అడుగుతాడు. ఇంకాసేపటికి మళ్ళీ. అడిగానన్న సంగతి గుర్తుండదు. ఆమె ప్రతిసారీ మొదటిసారి అడిగినట్టే జవాబు చెబుతుంది. మొన్న ఆదివారం ఆయన ఆమెను ఎవరమ్మాయివమ్మా నువ్వు అన్నాడు. వెంటనే సర్దుకుని, తమాషాకన్నానే అని నవ్వాడు. తమాషా కాదని ఇద్దరికీ తెలుసు.

ఆ రోజు టేపు ఆగాక, ఆమె తెరను ఆయన వైపు తిప్పి ఆఖరి వరుస చదవమంది. మావయ్య కళ్ళజోడు సర్దుకుని, వేలు పెట్టి, కూడబలుక్కుని చదివాడు.

"కాపీ అయినవి, అన్నీ. మిగిలిపోయినవి... సున్నా." ఆయన మొహం వెలిగిపోయింది. "చూశావా! ఏదీ పోలేదు. అన్నీ ఉన్నాయి!"

"అన్నీ ఉన్నాయి మావయ్యా," అంది టేపులమ్మ. ఏడుపు ఆయనకు కనపడకుండా అటు తిరిగి, టేపు పెట్టెలో పెట్టింది.